ఓడిపోయి మాస్టార్లు కాలేదు

దేవదాస్ కనకాల పేరు వచ్చినప్పుడల్లా మన సినిమా కబుర్లలో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: దర్శకుడిగా నిలదొక్కుకోలేక నటన పాఠాలు చెప్పుకున్నాడు పాపం, అని. అనేవాళ్లు ద్వేషంతో అనరు, జాలితోనే అంటారు. రజనీకాంత్, చిరంజీవి అంతటివాళ్లు ఆయన ముందు కూర్చుని నేర్చుకున్నారని ఒప్పుకుంటూనే, ఆ నేర్పడాన్ని ఓ ఓటమికి దొరికిన ఓదార్పు కింద జమకడతారు. ఆ జాలి నాకు తిట్టుకన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. తిట్టుకు బదులు చెప్పొచ్చు. జాలి మాత్రం మంచితనం వేషంలో వస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు మాట్లాడరు. అది అలాగే చలామణి అవుతూ ఉంటుంది.

ఇది కనకాల ఒక్కరి మీద పడిన ముద్ర కాదు. నాటకం ఆడించినవాడు, సినిమాకు రాసినవాడు, క్లాసులో నిలబడి చెప్పినవాడు ఒకే మనిషి అయితే చాలు, మనవాళ్లు ఆ జీవితాన్ని ఒక జారుడుబల్లలా చదువుతారు. రాసి పేరు తెచ్చుకోలేక నాటకం, నాటకం తిండి పెట్టక సినిమా, సినిమా ఆదరించక బడి. ఈ లెక్కలో అన్నిటికన్నా పైన తెరమీద దర్శకుడి పేరు ఉంటుంది, అన్నిటికన్నా కింద మాస్టారు ఉంటాడు. దీనికి తోడు మరో నమ్మకం కూడా ఉంది. నటన, కథ చెప్పడం పుట్టుకతో రావాలే గానీ నేర్పితే వచ్చేవి కావని. నేర్పలేనిదాన్ని నేర్పుతానని కూర్చున్నవాడు బతుకుతెరువు కోసమే కూర్చున్నాడని తీర్మానం. రెండు నమ్మకాలూ తప్పు. రెండూ మన నాటకరంగ చరిత్రకూ సినిమా చరిత్రకూ విరుద్ధం. అన్నిటికన్నా ఎక్కువగా మార్కాపురం దగ్గరి మా పెద్దారవీడు లాంటి చోట్లకు ఈ తప్పు ఖరీదు పడుతోంది. అందుకే ఈ ఖండన.

ముందు మా ఊళ్ల సంగతి చెబుతాను. మార్కాపురం, త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం చుట్టుపక్కల పాతతరం పెద్దలను ఎవరినడిగినా డ్రామా మాస్టారు గురించి చెబుతారు. తిరునాళ్లకో, శ్రీరామనవమికో ఊరు నాటకం వేయాలనుకుంటే ఆయన్ను పిలిపించేవాళ్లు. కొన్ని వారాలపాటు ఊళ్లోనే మకాం. ఏదో ఒక ఇంట్లో భోజనం, గుడి అరుగు మీదో బడి వరండాలోనో ఒద్దికలు. హార్మోనియం ఆయనే తెచ్చుకునేవాడు. ఎవరి గొంతుకు కృష్ణుడు, ఎవరి ఒడ్డూ పొడుగుకు భీముడు సరిపోతాడో చూసి వేషాలు పంచేది ఆయనే. శ్రుతి నిలవనివాడికి పద్యాలు తగ్గించి వచనం పెంచేదీ ఆయనే. రాత్రంతా సాగే నాటకాన్ని ఊరి ఓపికకు తగ్గట్టు కత్తిరించేదీ, పక్క ఊళ్లో జనం లేచిపోయిన ఘట్టాన్ని ఈ ఊళ్లో ముందుకు జరిపేదీ ఆయనే. అక్షరం రాని పాత్రధారికి నోటితో చెప్పి వల్లె వేయించేవాడు. ఆడే రాత్రి తెర పక్కన నిలబడి మాట అందించేవాడు.

ఈ పనులకు ఇప్పటి పేర్లు పెట్టి చూడండి. స్క్రిప్టు సరిదిద్దడం, పాత్రలకు మనుషుల్ని ఎంచడం, దర్శకత్వం, నట శిక్షణ, సంగీతం. ఒక్క మనిషి, ఒక్క హార్మోనియం పెట్టె. ఆయన్ను ఎవరైనా ఎక్కడా కుదురుకోలేని మనిషి అన్నారా? రాయలేక నేర్పుతున్నాడని అన్నారా? ఊరు ఆయన్ను మాస్టారూ అని పిలిచింది, ఆ పిలుపులో గౌరవం తప్ప మరేమీ లేదు. ఈ పనులు వేర్వేరు అన్న ఆలోచనే అప్పట్లో లేదు. కథ తెలియనివాడు నటుణ్ణి దిద్దలేడు. నటుడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలియనివాడు సంభాషణ రాయలేడు. ఈ రెండూ తెలిసినవాడు తనకు తెలిసింది చెప్పకుండా ఉండలేడు. వాటిని విడగొట్టింది స్టూడియోల పద్ధతి. డబ్బు లెక్కలకు అది అవసరమై ఉండొచ్చు. ఆ లెక్కలను కళకు కొలబద్ద చేయడం మాత్రం అన్యాయం.

ఇక పెద్ద చరిత్రకు వద్దాం. డాక్టర్ గరికపాటి రాజారావు వృత్తిరీత్యా వైద్యుడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి అనే నాటకోద్యమ సంస్థకు ఆయనే ప్రాణం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకాన్ని ఎన్నెన్నో దళాలు ఊరూరా ఆడాయి. ప్రభుత్వం భయపడి నిషేధించేంత బలంగా ఆడాయి. అన్ని దళాలు ఒకే నాటకాన్ని అంత నిలకడగా ఆడాలంటే తర్ఫీదు ఎంత కావాలో నాటకం వేసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ తర్ఫీదు వెనుక ఉన్న ముఖ్యుల్లో రాజారావు ఒకరు. 1953లో ఆయన 'పుట్టిల్లు' సినిమా తీశారు. అది ఆడలేదు. సినిమా చరిత్రలు ఆయన్ను చాలావరకు ఆ ఒక్క ఓటమి దగ్గరే వదిలేస్తాయి.

అదే సినిమాతో జమున కథానాయిక అయింది. అల్లు రామలింగయ్య తెరకు వచ్చింది కూడా అదే సినిమాతో. ఆ ఇద్దరూ ఆ తర్వాత తెలుగు తెరమీద ఎన్ని దశాబ్దాలు ఉన్నారో, ఎన్ని కోట్ల మందిని నవ్వించారో, ఏడిపించారో మనకు తెలుసు. ఒక నాటక దళపతి చెయ్యి పట్టి నడిపించిన మనుషులు వాళ్లు. ఆడని సినిమా లెక్కలో పడి, నిలబడిన మనుషులు లెక్కలోకి రాకపోవడమే నేను అన్యాయమంటున్నది. పంపిణీదారుడికి ఆ లెక్క సరిపోతుంది, అతని డబ్బు వారాల్లో తిరిగి రావాలి కాబట్టి. చరిత్ర రాసేవాడికి అది సరిపోకూడదు.

ఇటువంటి మనిషే బెంగాల్లో ఉన్నాడు, ఋత్విక్ ఘటక్. ఆయనా ప్రజా నాటకోద్యమం నుంచి వచ్చినవాడే. నాటకాలు రాశాడు, ఆడించాడు. బిమల్ రాయ్ తీసిన 'మధుమతి'కి 1958లో కథ ఇచ్చింది ఆయనే. దేశమంతా ఆ సినిమాను నెత్తిన పెట్టుకుంది. తాను తీసిన మొదటి సినిమా 'నాగరిక్' మాత్రం ఆయన బతికుండగా విడుదల కాలేదు. 1960ల నడిమిలో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కొద్దికాలం పాఠాలు చెప్పాడు. మణి కౌల్, కుమార్ సహాని ఆయన విద్యార్థులు. భారతీయ సినిమాలో కొత్త దారి తొక్కినవాళ్ల పేర్లు చెప్పాల్సి వస్తే వీళ్లిద్దరి పేర్లు రాకుండా ఉండవు. అక్కడివాళ్లు ఘటక్ బోధనను ఆయన జీవితంలో తాలు కింద తీసేయలేదు. గింజగానే దాచుకున్నారు. మన రాజారావుకు మనం ఆ పాటి మర్యాద కూడా చేయలేదు.

నేర్పితే రాదు అనేవాళ్లు చూపించే పెద్ద సాక్ష్యం ఒకటుంది. నాగేశ్వరరావు ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చదివాడు? రంగారావుకు ఎవరు నేర్పారు? ఈ ప్రశ్న వేసి గెలిచినట్టు కూర్చుంటారు. నిజానికి వాళ్ల వాదన కూలేది ఇక్కడే. అక్కినేని నాగేశ్వరరావు సినిమాల్లోకి రాకముందు గుడివాడ ఎక్సెల్సియర్ నాటక సమాజంలో ఆడవేషాలు కట్టిన కుర్రాడు. ఆ సమాజాన్ని నడిపిన దుక్కిపాటి మధుసూదనరావే తర్వాత అన్నపూర్ణ పిక్చర్స్ నడిపించారు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, రేలంగి కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలినవాళ్లు. ఎన్.టి. రామారావు విజయవాడ కాలేజీలో చదివే రోజుల నుంచీ రంగస్థలం మీద ఉన్నవాడు. 'మాయాబజార్' రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో నాటక కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసి, నాటకాలు రాసి, ఆ తర్వాత తెరకు వచ్చారు.

వీళ్లలో ఎవరు స్వయంభువు? ప్రతివాడి వెనకా ఒక సమాజం ఉంది, ఒద్దికలు ఉన్నాయి, తప్పు పలికితే ఆపి మళ్లీ చెప్పించిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆ బడికి బోర్డు లేదు, డిప్లొమా లేదు. అందుకని అది బడే కాదంటే ఎలా? నాటక సమాజాలు వట్టిపోయాక, ఆ పనిని గోడలున్న చోటికి, పాఠ్యప్రణాళిక ఉన్న చోటికి తీసుకువెళ్లినవాళ్లే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మాస్టార్లు. వాళ్లు పుట్టుకొచ్చింది ఆ ఖాళీలో. ఆ ఖాళీని పూడ్చకపోతే తెలుగు తెరకు 1970ల తర్వాత నటులు ఎక్కడినుంచి వచ్చేవాళ్లు?

కనకాల జీవితాన్ని ఇప్పుడు ఆ వెలుగులో చూడాలి. 1945లో యానాం శివారులోని కనకాలపేటలో పుట్టారు. నాటకం ఆయన మొదటి ప్రేమ. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందారు. కె. విశ్వనాథ్ 'ఓ సీత కథ' (1974)లో నటుడిగా కనిపిస్తారు. 'చలిచీమలు' (1978) ఆయన దర్శకత్వం. పరుచూరి గోపాలకృష్ణ సినిమా రచనకు వచ్చిన తొలి రోజుల్లో రాసిన సినిమాల్లో అదొకటి. మద్రాసులో ఫిల్మ్ ఛాంబర్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన బోధించారు. ఆయన భార్య లక్ష్మీదేవి కూడా అక్కడ బోధించినవారే. రజనీకాంత్, చిరంజీవి, రాజేంద్రప్రసాద్, శుభలేఖ సుధాకర్ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు. తర్వాత హైదరాబాదులో సొంత శిక్షణాలయం. చివరిదాకా నటిస్తూ, చెబుతూ ఉన్నారు.

ఆ నాలుగు పేర్లనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడమంటాను. రజనీకాంత్ నడకకూ రాజేంద్రప్రసాద్ తడబాటుకూ పోలిక ఏమన్నా ఉందా? చిరంజీవి వేగానికీ శుభలేఖ సుధాకర్ నెమ్మదికీ? ఒకే చోట చదివినవాళ్లు ఒకరిలా ఒకరు లేరు. తన నీడను విద్యార్థి మీద వేయని మాస్టారుకు మాత్రమే ఇది సాధ్యం. తన పద్ధతిని అచ్చుగుద్దినట్టు దింపేవాడు అనుకరించేవాళ్లను తయారుచేస్తాడు. మనిషిలో ఏముందో చూసి దాన్నే బయటికి లాగేవాడు నటుల్ని తయారుచేస్తాడు. ఆ చూపు ఒక దర్శకుడి చూపు, ఒక రచయిత చూపు. ఎదుటి మనిషిని పాత్రగా చదవడం చేతకానివాడికి అది రాదు. క్లాసులో ఆయన చేసింది దర్శకత్వమే. సెట్‌లో ఖర్చుపెట్టాల్సిన ప్రతిభ మిగిలిపోతే క్లాసులో పారబోసుకున్నాడని ఎవరైనా అంటే, ఆ రెంటిలో ఏది కష్టమో వాళ్లకు తెలియదన్నమాట.

కష్టం ఎక్కడుందో చెబుతాను. పద్య నాటకంలో పెరిగిన గొంతు చివరి వరుస దాకా వెళ్లాలి. చెయ్యి ఎత్తితే అందరికన్నా వెనకున్నవాడికీ కనబడాలి. కెమెరా ముందు అదే గొంతు అరుపవుతుంది, అదే చెయ్యి చట్రం దాటిపోతుంది. ముఖం పది అడుగుల ఎత్తున తెరమీద పడేటప్పుడు కనురెప్ప కదలిక ఒక సంభాషణతో సమానం. షాట్లు కథ వరసలో తీయరు. చావు ఘట్టం సోమవారం, పుట్టినరోజు ఘట్టం బుధవారం తీసినా నటుడు మనసులో వరస తప్పకూడదు. నేల మీద గీసిన గీత దగ్గర ఆగాలి, లైటు ముఖం మీద ఉందని తెలియాలి, అయినా ఇవేవీ ఆలోచిస్తున్నట్టు కనబడకూడదు. రంగస్థలం తెలియకుండా కెమెరా ఒక్కటే తెలిసినవాడు కుర్రవాడికి భయం పోగొట్టలేడు. కెమెరా తెలియకుండా రంగస్థలం ఒక్కటే తెలిసినవాడు గొంతు తగ్గించలేడు. రెండూ తెలిసి, కథ ఎటు నడుస్తుందో కూడా తెలిసినవాడు కావాలి. అందరూ పలువృత్తులు అని చులకన చేసేది దీన్నే. ఈ పనికి అర్హత అదే.

మన ఒంగోలు రచయితనే తీసుకోండి. ఎం.వి.ఎస్. హరనాథరావు 1948లో గుంటూరులో పుట్టి, ఒంగోలులో పెరిగి, 2017లో ఒంగోలులోనే కన్నుమూశారు. నాటక రచయితగా మొదలయ్యారు. 'జగన్నాథ రథచక్రాలు', 'క్షీరసాగర మథనం' పరిషత్తు నాటకాలు చూసేవాళ్లకు పరిచయం అక్కర్లేని పేర్లు. దర్శకుడు టి. కృష్ణతో స్నేహం ఆయన్ను సినిమాకు తెచ్చింది. 'ప్రతిఘటన' (1985) సంభాషణలు ఆయనవి. నూట యాభై దాకా సినిమాలకు రాశారు. నంది పురస్కారాలు అందుకున్నారు. వేషాలూ వేశారు. ఆయన గురించి కూడా ఇదే గొణుగుడు నేను విన్నాను: మద్రాసులోనో హైదరాబాదులోనో పూర్తిగా స్థిరపడకుండా ఒంగోలు, నాటకాలు అంటూ తిరగబట్టి ఆగిపోయాడని.

'ప్రతిఘటన'లో కథ మలుపు తిరిగేది ఎక్కడో గుర్తు తెచ్చుకోండి. కాలేజీ క్లాసు గదిలో. బజారులో అవమానపడిన లెక్చరరు పాఠం చెప్పడానికి వస్తుంది. నల్లబల్ల మీద ఆమెను కించపరుస్తూ విద్యార్థులు గీసిన బొమ్మ. ఆమె పారిపోదు, అక్కడే నిలబడి ఆ కుర్రాళ్ల ముఖం మీదే మాట్లాడుతుంది. వేటూరి పాట అక్కడే వస్తుంది. ఆ గదిలో ప్రతి ముఖం మారడాన్ని మనం చూస్తాం. ఆ ఘట్టం ఒక నాటకం మనిషి కట్టిన ఘట్టం: ఒకే గది, ఒకే గొంతు, ఎదురుగా వినక తప్పని జనం. ఒంగోలు వదిలి నాటకం వదిలి సినిమా ఒక్కటే పట్టుకున్న రచయితకు ఆ బలం వచ్చేదా? రాదనే నా నమ్మకం.

టి. కృష్ణ అయినా, నటుడు మాదాల రంగారావు అయినా ఉత్తినే తెరమీదికి ఊడిపడలేదు. ఒంగోలు ప్రజానాట్యమండలిలో నల్లూరి వెంకటేశ్వర్లు దగ్గర నాటకం నేర్చుకున్నవాళ్లు. నల్లూరి గారి పేరు సినిమా పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చింది? 'నేటి భారతం', 'యువతరం కదిలింది', 'ఎర్రమల్లెలు' పేర్లు చెప్పగానే గుర్తుపట్టే జనం, వాటి వెనక ఒక నాటక గురువు ఉన్నాడని చెబితే ఆశ్చర్యపోతారు. 1980లలో తెలుగు సినిమా ఒక మలుపు తిరిగితే, ఆ మలుపుకు ఒక కొస ఒంగోలు ఒద్దికల గదిలో ఉంది. టి. కృష్ణ 1986లో చిన్న వయసులోనే పోయారు. ఆయన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వెనక ఉన్న బడి మాత్రం ఆయనతో పోలేదు.

ఎదుటివాళ్ల వాదనలో ఒక బలమైన ముక్క ఉంది, దాన్ని దాటవేయను. ఈరోజు హైదరాబాదులో నటన నేర్పుతామని బోర్డు పెట్టి, మూడు నెలల కోర్సు, ఫొటోల ఆల్బం, ఒక డెమో వీడియో చేతిలో పెట్టి పంపే చోట్లు ఉన్నాయి. మా వైపు నుంచి కుర్రాళ్లు అప్పు చేసి వెళ్లి, ఆ ఆల్బం పట్టుకుని స్టూడియో గేట్ల దగ్గర నిలబడి తిరిగి వచ్చారు. వాళ్ల తల్లిదండ్రుల కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపాన్ని బోధన మీదికి తిప్పడం పొరపాటు. ఆ చోట్లలో జరగనిదే బోధన. రాసిన అనుభవం లేక, ఒక్క నాటకమైనా మొదటినుంచి చివరిదాకా ఆడించకుండా, ఎదుటి కుర్రాడి పేరు కూడా గుర్తుంచుకోకుండా నడిచే చోట మాస్టారు ఉన్నాడని ఎలా అంటాం? పది పనులు తెలిసిన మాస్టార్లను చులకన చేసి ఇంటికి పంపేస్తే, వాళ్ల కుర్చీలో బోర్డు పెట్టుకున్నవాడు వచ్చి కూర్చున్నాడు. మోసానికి మందు మంచి మాస్టారే.

మరి అంతమంది నేర్చుకుంటే అందరూ తారలు ఎందుకు కాలేదని అడుగుతారు. తారల్ని తయారుచేస్తామని నిజమైన మాస్టారు ఎవరూ చెప్పలేదు. తార అవడంలో అదృష్టం ఉంది, ఆ ఏడాది గాలి ఉంది, డబ్బు పెట్టేవాడి ధైర్యం ఉంది. నేర్చుకున్నవాళ్లలో ఎందరో రెండో వరస పాత్రలు పండించారు. ఎందరో సీరియళ్లు రాశారు, డబ్బింగు చెప్పారు, సహాయ దర్శకులయ్యారు, ఊళ్లకు తిరిగివచ్చి నాటకాలు వేయించారు. వీళ్లు లేకుండా ఏ సినిమా, ఏ సీరియలూ ఒక్కరోజు నడవదు. బడి విలువను ఒక్క పెద్ద పేరుతో తూచినంతకాలం మనకు ఆ బడి కనబడదు. కనకాల మాస్టారును రజనీకాంత్ గురువు అని మాత్రమే పొగిడేవాళ్లు కూడా, తెలియకుండానే, ఆయన్ను ఓడిపోయినవాడు అనేవాళ్ల తక్కెడనే వాడుతున్నారు.

కథనం నేర్పితే రాదనేవాళ్లకు పరుచూరి గోపాలకృష్ణనే చూపిస్తాను. సినిమాల్లో పూర్తికాలం రాయకముందు ఆయన తెలుగు లెక్చరరు. అన్నతో కలిసి వందల సినిమాలకు రాశాక, తెలుగు సినిమా కథా కథన శిల్పం మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారు. ఇప్పటికీ కెమెరా ముందు కూర్చుని స్క్రీన్‌ప్లే పాఠాలు చెబుతున్నారు. వాణిజ్య సినిమాలో అంతకన్నా గెలిచిన రచయితలు ఎందరున్నారు? గెలిచాకా ఆయన మాస్టారుగానే ఉన్నారు. ఓడినవాడే చెబుతాడన్న మాట ఈ ఒక్క ఉదాహరణ ముందే నిలబడదు.

ఇప్పుడు నా ఊరి బాధ చెప్పాలి. ఇందులో నాకు సొంత పట్టుదల ఉంది, దాచను. మేము ఎప్పుడూ అంచు మనుషులమే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలుకు దూరపు కొస. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఒంగోలుకు దూరపు కొసగా ఉన్నాం. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. ఒంగోలులో నాటక పరిషత్తు జరిగితే మా పిల్లలు వెళ్లి చూసి రాత్రికి తిరిగి రాలేరు. విశాఖలో, హైదరాబాదులో విశ్వవిద్యాలయాలకు రంగస్థల విభాగాలు ఉన్నాయి. అక్కడ పట్టా తీసుకున్నవాళ్లు మా వైపు రారు. ఎందుకొస్తారు? వచ్చి ఒక ఊళ్లో మాస్టారుగా కూర్చుంటే, సినిమాలో ఛాన్సు దొరక్క వచ్చాడని ఊరే అంటుంది. నేను ఖండిస్తున్న ఆ అభిప్రాయం ఇక్కడికి వచ్చేసరికి అడ్డుగోడ అయిపోతుంది. హైదరాబాదులో అది కబుర్లలో ఒక మాట. పెద్దారవీడులో అది ఒక తరానికి మాస్టారు లేకుండా చేస్తుంది.

ఇక్కడ కథలు లేవా అంటే, తెలుగు నేలమీద ఇంతకన్నా కథలున్న చోటు తక్కువ. వెలిగొండ ప్రాజెక్టు కోసం కొండల మధ్య నల్లమల సాగర్ కట్టారు. శ్రీశైలం జలాలు సొరంగాల గుండా రావాలి. 1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు. దాని ముంపు జాబితాలో మా మండలంలోని సుంకేసుల, కలనూతల, గుండంచర్ల ఉన్నాయి. నీళ్ల కోసం దశాబ్దాలు ఎదురుచూసిన ప్రాంతమే తన ఊళ్లను నీళ్లకు ఇవ్వాలి. తన పొలానికి నీరు రావాలని ఉద్యమంలో తిరిగిన రైతు, ఆ నీటి కిందకే తన ఇల్లు పోతుందని తెలిసిన రోజు ఏం మాట్లాడి ఉంటాడు? పరిహారం పంచుకునే దగ్గర అన్నదమ్ములు ఏమనుకుని ఉంటారు? కొత్త కాలనీలో పాత ఊరి గుడిని మళ్లీ ఎక్కడ కట్టాలన్న తగువు ఎలా నడిచి ఉంటుంది? ఏ దేశపు గొప్ప నాటకకర్తకు ఇచ్చినా రెండు చేతులా అందుకునే కథ ఇది.

దాన్ని ఎవరు రాస్తారు? మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు బెంగుళూరు, హైదరాబాదు వెళ్లే కుటుంబాల పిల్లలు మా బళ్లలో ఉన్నారు. మార్కాపురం పలకల క్వారీల్లో దుమ్ము మింగినవాళ్ల మనుమలు ఉన్నారు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగినవాళ్ల మనుమరాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర మాట ఉంది, చూసిన చూపు ఉంది. ఆ మాటను ఘట్టంగా ఎలా విడగొట్టాలో, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో, చెప్పాల్సినదాన్ని పాత్ర నోట పెట్టకుండా చేత ఎలా చేయించాలో చెప్పే మనిషి లేడు. రాయడం, ఆడించడం, చెప్పడం మూడూ వచ్చిన మనిషి ఒక్కడు చాలు ఇలాంటి చోటికి. ముగ్గురు నిపుణులను పెట్టుకునే స్తోమత పెద్దారవీడుకు ఎప్పటికీ రాదు. మహానగరానికి ఆ మనిషి నిలకడ లేనివాడిలా కనిపించొచ్చు. మాకు అతనొక్కడే ఒక పూర్తి సంస్థ.

సినిమా వాళ్లకు నేను చెప్పేది ఒకటే. కనకాల, రాజారావు, హరనాథరావు, నల్లూరి వంటివాళ్ల గురించి రాసేటప్పుడు ఆడని సినిమాల జాబితాతో మొదలుపెట్టకండి. వాళ్లు తయారుచేసిన మనుషులతో మొదలుపెట్టండి. మీ చరిత్రలో సగం పేర్లు అక్కడే దొరుకుతాయి.

మా మండలం హైస్కూళ్ల ప్రధానోపాధ్యాయులకూ, తిరునాళ్ల కమిటీల పెద్దలకూ, నిర్వాసిత కాలనీల్లో పిల్లల తల్లిదండ్రులకూ నా విన్నపం వేరే ఉంది. ఈ ఏడాది వార్షికోత్సవానికి సినిమా పాటల డాన్సులకు పెట్టే ఖర్చులో సగం పక్కన పెట్టండి. రంగస్థలం చదువుకున్న ఒక మాస్టారును నెల రోజులు పిలిపించండి. చేతిలో తయారు నాటకం ఇవ్వకండి. సుంకేసుల, కలనూతల పిల్లలను ఆయన ముందు కూర్చోబెట్టి, వాళ్ల ఇళ్లల్లో జరిగింది వాళ్లచేతే చెప్పించి, రాయించి, ఆడించమని అడగండి. ఆయనకు బస, భోజనం, నెల జీతం ముందే మాట్లాడి ఖాయం చేయండి. ఊరి మీటింగులో ఆయన్ను పరిచయం చేసేటప్పుడు సినిమాల్లో ఏం చేశారని అడగకండి, ఎందరికి నేర్పారో అడగండి.